స్మోకీ కొండల్లో మూడు రాత్రులు క్యాబిన్: పిల్లలూ, పెద్దవాళ్లూ ఉంటే బయట ఎక్కడెక్కడ తిరగొచ్చు?

మీరు అడిగింది ఇదీ: అట్లాంటా నుంచి మూడు కుటుంబాలు, అక్టోబర్ మధ్యలో శుక్రవారం నుంచి సోమవారం దాకా, టెనసీలో సెవియర్‌విల్ దగ్గర కొండమీద క్యాబిన్. 4 నుంచి 13 ఏళ్ల దాకా పిల్లలు ఐదుగురు. ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు కూడా ఉన్నారు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. పిజన్ ఫోర్జ్ రోడ్డు మీద ఉండే గో కార్టులు, బొమ్మల మ్యూజియంలు కాకుండా అడవిలో, కొండల్లో ఏం చేయొచ్చు, రాఫ్టింగ్ కుదురుతుందా అని.

నేను నాక్స్‌విల్‌లో ఉంటాను. గాట్లిన్‌బర్గ్ మాకు గంట దూరం. పదకొండేళ్లుగా కుదిరిన ప్రతి శనివారం ఆ కొండల్లోనే నడుస్తున్నాను. అట్లాంటా, షార్లట్, నాష్‌విల్ నుంచి చుట్టాలూ, చుట్టాల స్నేహితులూ క్యాబిన్ తీసుకుని "నువ్వు పక్కనే కదా, వచ్చెయ్" అంటారు. అందుకని మీలాంటి పదమూడు మంది గుంపులతో తిరిగిన అనుభవం కూడా గట్టిగానే ఉంది.

సూటిగా చెప్తాను. రోజుకి ఒక్క చోటే పెట్టుకోండి. ఏడున్నరకల్లా అక్కడ కారు ఆపేసి ఉండండి. మధ్యాహ్నం ఒంటిగంటకి తిరిగి క్యాబిన్‌లో ఉండండి. శనివారం పిల్లలతో గ్రాటో ఫాల్స్, అదే సమయంలో అమ్మానాన్నలకి కటరాక్ట్ ఫాల్స్. ఆదివారం అందరూ కలిసి కేడ్స్ కోవ్. సోమవారం వచ్చిన దారిన వెనక్కి వెళ్లకుండా, కొండ దాటి చెరోకీ ఊరి మీదుగా అట్లాంటా. మిగతా అంతా దీనికి వివరణే.

ముందు ఈ టైము గొడవ ఎందుకో చెప్పాలి. ఈ కొండలన్నీ గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు. దేశంలో జనం ఎక్కువగా వచ్చే నేషనల్ పార్కు ఇదే, ఏడాదికి కోటి మందికి పైగా వస్తారు. అందులోనూ అక్టోబర్ మధ్య అంటే ఆకులు రంగులు మారే కాలం. తొమ్మిది దాటితే మంచి ట్రెయిల్స్ (నడక దారులు) దగ్గర పార్కింగ్ దొరకదు. దొరకలేదని ముందుకు వెళ్తే రోడ్డు పక్కన కూడా ఆపనివ్వని చోట్లు చాలా ఉన్నాయి. మన గుంపుల సంగతి మనకి తెలిసిందే కదా. ఒకరు లేచి ఉప్మా మొదలుపెడతారు, ఇంకొకరు పిల్లలకి దోసెలు అంటారు, మూడు విడతల టీ అయ్యి, పదమూడు మంది స్నానాలు అయ్యి, "ఛార్జర్ ఎక్కడ?" అయ్యేసరికి పదకొండు. ఆ టైముకి బయల్దేరితే పిజన్ ఫోర్జ్ సిగ్నళ్ల దగ్గరే లంచ్ వేళ అయిపోతుంది. నేను చూసిన పాడైపోయిన ట్రిప్పులన్నీ ఇలా పాడైనవే. వానకి పాడైనవి తక్కువ.

అందుకని ముందురోజు రాత్రే పులిహోర కలిపేయండి. ఫ్లాస్కులో టీ పోసుకోండి. పిల్లలకి బ్రెడ్డు, అరటిపండ్లు. స్నానాలు తిరిగొచ్చాక. చీకట్లో నిద్రకళ్లతోనే కార్లో ఎక్కించేయండి, దార్లో మళ్లీ పడుకుంటారు.

శనివారం. గాట్లిన్‌బర్గ్‌లో 8వ నంబరు సిగ్నల్ దగ్గర తిరిగితే రోరింగ్ ఫోర్క్ రోడ్డు వస్తుంది. ఐదున్నర మైళ్లు, ఇరుకు, వన్ వే. బస్సులు, ఆర్‌వీలు (ఇల్లులాంటి పెద్ద వ్యాన్లు) రానివ్వరు గానీ మీ మినీవ్యాన్‌కి ఇబ్బంది లేదు. గ్రాటో ఫాల్స్ ట్రెయిల్ ఆ రోడ్డు మీదే. రానూ పోనూ మూడు మైళ్లకి కొంచెం తక్కువ, ఎక్కుడు ఉంది గానీ ఒక్కసారిగా ఉండదు. మా చిన్నది నాలుగేళ్లప్పుడు వెళ్లేటప్పుడు తనే నడిచింది, వచ్చేటప్పుడు వాళ్ల నాన్న మెడ మీద ఎక్కింది. మీ నాలుగేళ్ల పిల్ల కూడా అలాగే చేస్తుందని లెక్క వేసుకోండి. స్ట్రోలర్ మాత్రం వద్దు, దారి నిండా వేళ్లు.

ఈ జలపాతం ఎత్తు 25 అడుగులే. ఇంతకంటే పెద్దవి పార్కులో ఉన్నాయి. కానీ దీని వెనక నుంచి దారి ఉంటుంది. నీళ్ల తెర ముందు, మనం వెనక. ఎప్పుడూ తడిగా ఉండే ఆ రాతి కింద పిల్లల్ని చెయ్యి పట్టుకుని నడిపించాలి. అవతలికి వచ్చాక ప్రతి పిల్లా "ఇంకోసారి" అంటుంది, ఆ టైము కూడా కలుపుకోండి. వారంలో కొన్ని రోజులు మూపున మూటలు వేసుకున్న లామాలు (ఒంటె జాతి జంతువులు) ఎదురొస్తాయి. లకాంట్ కొండపైన ఉన్న లాడ్జికి సామాన్లు ఆ దారిలోనే వాటి మీద చేరవేస్తారు.

అదే టైముకి అమ్మానాన్నల్ని ఒక కార్లో షుగర్‌ల్యాండ్స్ విజిటర్ సెంటర్‌కి తీసుకెళ్లండి. అక్కడ మంచి బాత్రూములు ఉంటాయి. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు జలపాతం కంటే ముందు చూడాల్సింది అదే. దాని వెనక నుంచే కటరాక్ట్ ఫాల్స్‌కి దారి, రానూ పోనూ మైలు లోపే, దాదాపు చదును. మా అత్తగారు చీరలో, స్పోర్ట్స్ షూస్ వేసుకుని, చేతికర్రతో రెండుసార్లు వెళ్లొచ్చారు. అది కూడా కష్టం అనిపిస్తే, దగ్గర్లోనే షుగర్‌ల్యాండ్స్ వ్యాలీ ట్రెయిల్ ఉంది. అర మైలు, పూర్తిగా చదును చేసిన దారి, వీల్‌చైర్ కూడా వెళ్తుంది, పక్కనే ఏరు.

అందరూ కలిసే తిరగాలి అన్న పట్టుదల వదిలేయండి. ఇది కొంచెం కటువుగా అనిపిస్తుంది గానీ, నాలుగేళ్ల పిల్లకీ, డెబ్బై ఏళ్ల మోకాళ్లకీ, పదమూడేళ్ల పిల్లాడికీ ఒకే ట్రెయిల్ సరిపోదు. చివరికి అందరికీ కుదిరేది గాట్లిన్‌బర్గ్‌లో ఐస్‌క్రీమ్ షాపు ఒక్కటే. పెద్ద పిల్లలు ఇంకా కష్టమైనది కావాలంటే, ఇద్దరు పెద్దవాళ్లు వాళ్లని తీసుకుని ఆలమ్ కేవ్‌కి వెళ్లండి. వెళ్లడం 2.3 మైళ్లు, తిరిగి అంతే. మధ్యలో రాతి సొరంగం లోపల నుంచి మెట్లు, కొన్నిచోట్ల పట్టుకోవడానికి ఉక్కు తాళ్లు. పేరుకి కేవ్ గానీ గుహ కాదు, పెద్ద రాతి చూరు. దానికైతే ఏడింటికే అక్కడ ఉండాలి.

ఎవరైనా లారెల్ ఫాల్స్ వెళ్లమంటే, అది 2025 జనవరిలో మరమ్మతుల కోసం మూసేశారు, పని ఏడాదిన్నర అన్నారు. తెరిచారో లేదో పార్కు సైట్లో చూసుకున్నాకే పెట్టుకోండి.

ఆదివారం, కేడ్స్ కోవ్. చుట్టూ కొండలు, మధ్యలో పచ్చిక మైదానం, దాని చుట్టూ 11 మైళ్ల వన్ వే రోడ్డు. కారు దిగకుండానే చాలా చూడొచ్చు కాబట్టి అమ్మగారికి ఇదే సరైనది. గేటు సూర్యోదయానికి తెరుస్తారు, అక్టోబర్ మధ్యలో అది ఏడూ ముప్పావు ప్రాంతం. మీ క్యాబిన్ నుంచి గంటా పావు అనుకోండి. ఆరు దాటగానే బయల్దేరండి. పార్కు లోపలి రోడ్డు కాకుండా వేర్స్ వ్యాలీ, టౌన్‌సెండ్ మీదుగా వెళ్లండి, గాట్లిన్‌బర్గ్ తగలదు.

తెల్లవారుజామున ఆ మైదానం మీద పొగమంచు తెల్లటి దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. అందులోంచి జింకల చెవులు మాత్రం కనిపిస్తాయి. ఎలుగుబంట్ల కోసం నేల మీద వెతక్కండి. అక్టోబర్‌లో అవి ఓక్ కాయల కోసం చెట్లెక్కుతాయి, పైకి చూడండి. ముందు కార్లు ఆగాయంటే ఏదో కనపడినట్టే. మీరు మాత్రం నడిరోడ్డు మీద ఆపకండి, పక్కకి తీసి ఆపుకునే జాగాలు ఉంటాయి. అదే రోడ్డు పదకొండింటికి ఎక్కితే మూడు, నాలుగు గంటలు కార్లోనే కూర్చోవాలి. ఇరుక్కుంటే స్పార్క్స్ లేన్, హయాట్ లేన్ అని రెండు అడ్డదారులు ఉన్నాయి, వాటిలో తిరిగితే చుట్టు తగ్గుతుంది. మే నుంచి సెప్టెంబర్ దాకా బుధవారాలు కార్లు రానివ్వరు, సైకిళ్లూ నడకా మాత్రమే. మీ తేదీలకి అది ఉండదు, వేసవిలో వచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

సగం దారిలో కేబుల్ మిల్లు దగ్గర తప్పకుండా దిగండి, బాత్రూములు కూడా ఉన్నాయి. నీటి చక్రంతో తిరిగే పాత పిండిమర, కొట్టాలు, మొక్కజొన్న పొత్తులు నిలవచేసే గాదె. మా అత్తగారు ఆ గాదె చెక్కల సందుల్లోకి తొంగిచూసి, "గాలి ఆడటానికి వదిలారు, మా నాన్న కూడా ఇలాగే కట్టించేవాడు" అన్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. కార్లో ఎక్కాక అడిగారు, "ఈ ఊళ్లో వాళ్లంతా ఏమయ్యారు?" అని. పార్కు కోసం 1930లలో వాళ్ల భూములు తీసుకున్నారని చెప్పాను. నిర్వాసితులు అన్న మాట తెలుగువాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. జలాశయం కింద పోయిన ఊరొకటి ప్రతి ఇంటి చుట్టరికంలోనూ ఉంటుంది.

సోమవారం చాలామంది పది దాకా సర్దుకుంటూ కూర్చుని, వచ్చిన దారినే ఇంటికి పోతారు. మీరు ఏడింటికి తాళం వేసేయండి. గాట్లిన్‌బర్గ్ ఊళ్లోకి వెళ్లకుండా బైపాస్ ఎక్కి, 441 హైవే మీద న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమకి రండి. 5,046 అడుగుల ఎత్తు, ఒక కాలు టెనసీలో, ఒక కాలు నార్త్ కరొలైనాలో పెట్టి ఫోటో దిగే చోటు. అక్కడ పక్కకి తిరిగి ఏడు మైళ్లు వెళ్తే కువోహి. పాత పేరు క్లింగ్‌మన్స్ డోమ్. 2024 సెప్టెంబర్‌లో ఈ కొండల ఆదివాసులైన చెరోకీల పేరు తిరిగి పెట్టారు, మల్బరీ చెట్ల చోటు అని అర్థం. 6,643 అడుగులు, పార్కులో అన్నిటికంటే ఎత్తు. పైన టవర్ దాకా దారి అర మైలే గానీ చాలా నిటారు. అమ్మగారిని ఎక్కించకండి. ఎక్కడం కంటే దిగడంలోనే మోకాలు ఎక్కువ ఏడుస్తుంది. పార్కింగ్ దగ్గరే గోడ పక్కన కూర్చుంటే కనిపించే కొండల వరసలకీ, పైన కనిపించేవాటికీ పెద్ద తేడా లేదు. కింద టీషర్టు వాతావరణం ఉన్నా పైన 15, 20 డిగ్రీల ఫారన్‌హీట్ తక్కువ ఉంటుంది, గాలి వేరే. జాకెట్లు డిక్కీ అడుగున సర్దకండి.

అక్కడి నుంచి దిగితే ఓకొనలఫ్టీ. రోడ్డు పక్క పచ్చికలో ఎల్క్‌లు, అంటే పెద్ద జాతి జింకలు, మేస్తుంటాయి, ఎక్కువగా పొద్దున్నే, సాయంత్రం. ఈ కొండల్లో పూర్తిగా అంతరించిపోయాక 2001లో మళ్లీ తెచ్చి వదిలారు. అక్టోబర్‌లో మగవాటికి మదం ఎక్కే కాలం, కొమ్మల కొమ్ములున్న మొగ ఎల్క్ ఈల వేసినట్టు అరవడం వినిపించొచ్చు. దగ్గరికి వెళ్లొద్దు. తర్వాత చెరోకీ, ఫ్రాంక్లిన్, క్లేటన్, అట్లాంటా. వచ్చిన దారి కంటే మెలికలు ఎక్కువ గానీ, ప్రయాణం రోజు వృథా కాదు.

ఇక పార్కింగ్ ట్యాగ్. పార్కులోకి వెళ్లడానికి డబ్బు లేదు. కానీ 2023 మార్చి నుంచి 15 నిమిషాలు మించి కారు ఆపితే ట్యాగ్ ఉండాలి. రోజుకి 5, వారానికి 15, ఏడాదికి 40 డాలర్లు అని మొదలుపెట్టారు. ట్యాగ్ కారుకొకటి, నంబర్ ప్లేటుతో ముడిపెట్టి ఇస్తారు, ఒకటి కొని మూడు కార్లకి తిప్పడం కుదరదు. మీకు వారానిది నయం.

ఇప్పుడు క్యాబిన్ గురించి, ఎలుగుల గురించి. ఇది కొంచెం ఎక్కువే చెప్తాను.

పార్కులో దాదాపు 1,900 నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. అవి పార్కు సరిహద్దు చూసుకుని తిరగవు, మీ క్యాబిన్ కూడా వాటి ఇలాకాలోనే ఉంది. మూడేళ్ల కిందట వేర్స్ వ్యాలీలో మా ఆడపడుచు వాళ్లు దిగారు. రాత్రి పదింటికి వ్యాన్‌లోంచి సామాను దింపుతూ ఒక సంచి వదిలేశారు. అందులో జంతికలు, సున్నుండలు. లాక్ వేయలేదు, అడవిలో దొంగలెవరొస్తారని. తెల్లవారుజామున ఐదింటికి హారన్. ఆగకుండా హారన్. టార్చి వేసి చూస్తే అద్దాల నిండా ఆవిరి, లోపల నల్లగా ఏదో కదులుతోంది. ముందు తలుపు పిడి లాగి ఎక్కేసింది, బండి వాలు మీద ఉండటంతో తలుపు దానంతటదే మూసుకుపోయింది. పోలీసాయన వచ్చి, పిడికి తాడు కట్టి, దూరంగా నిలబడి లాగితే బయటికి దూకి పోయింది. సీట్లు చీలికలు పేలికలు, తలుపు లోపలి అట్ట ఊడి కింద. స్టీలు డబ్బా మూత మీద రెండు పంటి గాట్లు. సున్నుండ ఒక్కటి మిగల్లేదు, జంతికలు మాత్రం సగం వదిలేసింది. మా అత్తగారు ఇప్పటికీ ఆ జంతికలు తను చేసినవి కావని చెప్పుకుంటారు.

కాబట్టి కార్లో తినేది ఏదీ ఉంచకండి, చూయింగ్ గమ్, పాప పాల సీసా కూడా. తలుపులు లాక్ చేయండి. చికెన్ గ్రిల్ చేస్తే అయిపోయాక గ్రిల్ రుద్ది కడగండి. చెత్త ఎలుగు తెరవలేని డబ్బాలోనే వేసి గడియ పెట్టండి. ఎలుగు కనిపిస్తే కనీసం 50 గజాల దూరం. డెక్ కిందకి వస్తే లోపలికి వెళ్లి తలుపు వేసుకుని అద్దంలోంచి చూడండి. ఫోటో కోసం అరటిపండు విసిరేవాళ్లని నేను చూశాను, అలా మనుషుల తిండికి అలవాటు పడిన ఎలుగుని చివరికి చంపాల్సి వస్తుంది.

నిప్పు. 2016 నవంబర్‌లో పెద్ద కరువు మీద గాలి తోడై కార్చిచ్చు గాట్లిన్‌బర్గ్ మీద పడింది. 14 మంది చనిపోయారు, 2,400కి పైగా ఇళ్లూ కట్టడాలూ కాలిపోవడమో దెబ్బతినడమో జరిగింది, అందులో అద్దె క్యాబిన్లు చాలా ఉన్నాయి. శరదృతువులో వానలు లేకపోతే ఫైర్ పిట్ (చలిమంట గుంట) వెలిగించనివ్వరు. యజమానిని అడగకుండా వెలిగించకండి, ఆర్పేటప్పుడు బకెట్ నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయండి.

నీళ్లు. అక్టోబర్‌లో ఏటి నీళ్లు గడ్డకట్టినంత చల్లగా ఉంటాయి, అయినా పిల్లలు దిగుతారు. మడమల లోతు ఉన్నచోట ఫర్వాలేదు. జలపాతాల పక్కన రాళ్లు మాత్రం ఎక్కనివ్వకండి, నాచు పట్టి సబ్బులా ఉంటాయి. రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చే ఆట కూడా వద్దు. ఆ రాళ్ల కింద సాలమాండర్లు, అంటే బల్లిలా కనిపించే కప్ప జాతి ప్రాణులు, కాపురం ఉంటాయి. హెల్‌బెండర్ అని రెండడుగులకి పైగా పెరిగేది కూడా ఉంది. రాయి కదిపితే దాని గుడ్లు కొట్టుకుపోతాయి, పార్కులో అది నేరం కూడా.

రాఫ్టింగ్ గురించి అడిగారు. అది వేసవి పని. హార్ట్‌ఫర్డ్ దగ్గర పిజన్ నదిలో పై భాగానికి ఎనిమిదేళ్లు నిండాలి, కింది భాగం నెమ్మది, మూడేళ్ల పిల్లల్ని కూడా ఎక్కించుకుంటారు. 2024 హెలీన్ తుఫాను ఆ నదిని బాగా దెబ్బతీసింది, వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. జూన్ మొదట్లో ఎల్క్‌మంట్‌లో వేల మిణుగురులు ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరిపోతాయి, దానికి లాటరీ వేయాలి. ఇండియా నుంచి పెద్దవాళ్లు వేసవిలో వచ్చే ఏడాది అది ప్రయత్నించండి.

క్యాబిన్ మార్చుకునే గడువు ఇంకా ఉంటే, సెవియర్‌విల్ బదులు టౌన్‌సెండ్ గానీ వేర్స్ వ్యాలీ గానీ చూడండి. కేడ్స్ కోవ్‌కి పొద్దున అరగంట పైగా కలిసొస్తుంది, సాయంత్రం పిజన్ ఫోర్జ్ ట్రాఫిక్ తప్పుతుంది. ప్రకటనలో "పార్కుకి 12 మైళ్లు" అని ఉంటే అక్టోబర్ శనివారం మధ్యాహ్నం అది గంటన్నర అని చదువుకోండి. "వాగు పక్కనే" అని ఉంటే ఫోటో అడగండి. మేము ఒకసారి అలా తీసుకున్న దానికి వాగు ఉంది గానీ నీళ్లు లేవు. దారి ఎంత నిటారుగా ఉందో కూడా అడగండి, దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా లో గేర్‌లో దిగండి, మన ఘాట్ రోడ్డు మీద దిగినట్టే.

ఒకటి మర్చిపోయాను. పార్కు లోపల చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. రెండు జట్లుగా విడిపోతే ఎక్కడ, ఎన్నింటికి కలవాలో క్యాబిన్‌లోనే అనుకుని బయల్దేరండి. "కింద కలుద్దాం" అనుకోవద్దు. మా ఆయన ఒకసారి షుగర్‌ల్యాండ్స్ పార్కింగ్‌లో, నేను న్యూఫౌండ్ గ్యాప్‌లో, ఒకరి కోసం ఒకరు రెండు గంటలు కూర్చున్నాం. పులిహోర డబ్బా ఆయన దగ్గర, చెంచాలు నా దగ్గర.